తోకచుక్కకి ఎక్స్-రే తీస్తే సూర్యుడు కనిపించాడు

ఎక్స్-రేలు పుట్టాలంటే వేడి కావాలి. మామూలు వేడి కాదు, మన సత్తెనపల్లి మే నెల ఎండ దాని ముందు ఏసీ రూమ్ కిందే లెక్క. లక్షల డిగ్రీలు కావాలి. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా, పేలిపోయిన నక్షత్రాల శిథిలాలు, బ్లాక్ హోల్‌లోకి పడిపోతున్న వాయువు లాంటివి ఎక్స్-రేలు ఇస్తాయి. తోకచుక్క దీనికి పూర్తిగా రివర్స్. నీటి మంచు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దుమ్ము కలిసిన మురికి మంచు ముద్ద అది. ఐస్ ముక్కలోంచి ఎక్స్-రేలు వస్తాయని ఎవరైనా అంటే మన ఫిజిక్స్ సార్ కూడా నవ్వేస్తారు.

కానీ వచ్చాయి. 1996 మార్చి ఆఖర్లో హయకుటాకే అనే తోకచుక్క భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లింది. కేరీ లిస్, కోన్రాడ్ డెనర్ల్ ఉన్న బృందం రోసాట్ అనే జర్మన్ ఎక్స్-రే ఉపగ్రహాన్ని మార్చి 27న దానివైపు తిప్పింది. లెక్కలు చెప్పినదానికంటే సుమారు వంద రెట్లు ఎక్కువ ఎక్స్-రేలు కనిపించాయి. ఇంకో వింత ఏంటంటే ఆ వెలుగు తోకచుక్క నడిమధ్యలోంచి రావట్లేదు. సూర్యుడి వైపు ఉన్న పక్కన, నెలవంక ఆకారంలో ఉంది. అంటే వెలుగుకి అసలు కారణం తోకచుక్క కాదు, దానికి ఎదురుగా సూర్యుడి నుంచి వస్తున్నదేదో.

ఈ కథ మీకు చెప్పడానికి నాకొక స్వార్థం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన దగ్గరున్న ల్యాప్‌టాప్‌తో, మనకొచ్చిన పైథాన్‌తో చేయగలిగిన మంచి పనుల్లో ఇలాంటి డేటా చదవడం ఒకటి. దానికి టెలిస్కోప్ అక్కర్లేదు, ఐఐటీ సీటు అక్కర్లేదు, వీసా అసలే అక్కర్లేదు. అయినా మన కాలేజీల్లో దాన్ని "మన డొమైన్ కాదు" అని పక్కన పెట్టేస్తున్నాం. ఇది మనకే నష్టం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

బస్సు ఎక్కిన ఎలక్ట్రాన్

సూర్యుడి నుంచి వెలుగు ఒక్కటే రాదు, గాలి కూడా వస్తుంది. మన గాలి లాంటిది కాదు. ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, కొంత హీలియం, చాలా కొద్దిగా ఆక్సిజన్, కార్బన్ లాంటి బరువైన అయాన్లు, ఇవన్నీ సెకనుకి 300 నుంచి 800 కిలోమీటర్ల వేగంతో అన్ని దిక్కులకీ ప్రవహిస్తూ ఉంటాయి. దీన్నే సౌర పవనం అంటారు. సెకనుకి 400 కిలోమీటర్లంటే, సత్తెనపల్లి నుంచి మాచర్ల వెళ్లి రావడానికి సెకను కూడా పట్టదు. ఆ వేగంతో వచ్చినా సూర్యుడి నుంచి భూమిని చేరడానికి దానికి నాలుగు రోజుల పైనే పడుతుంది.

ఈ గాలి ఉందని మొదట గట్టిగా వాదించడానికి దారి చూపించింది కూడా తోకచుక్కలే. తోకచుక్క సూర్యుడి వైపు వస్తున్నా, సూర్యుడి నుంచి దూరంగా పోతున్నా, దాని వాయువు తోక మాత్రం ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది. పోయేటప్పుడు తోక ముందు, తల వెనక. 1951లో లుడ్విగ్ బీర్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని చూసి, సూర్యుడి నుంచి కణాల ప్రవాహం ఏదో ఆగకుండా వస్తోందన్నాడు. 1958లో యూజీన్ పార్కర్ ఆ ప్రవాహం ఎందుకు ఉండి తీరాలో లెక్క కట్టి చూపించాడు. అంటే పొలంలో దిష్టిబొమ్మ చొక్కా ఎటు ఊగుతోందో చూసి గాలి దిక్కు చెప్పినట్టు, తోక చూసి సూర్యుడి గాలిని చెప్పారు.

1996 నాటి ఎక్స్-రేలు దీనికి రెండో అధ్యాయం. మరుసటి ఏడాది థామస్ క్రేవెన్స్ ఇచ్చిన వివరణే తర్వాత నిలబడింది. సూర్యుడి కరోనాలో వేడి పది లక్షల డిగ్రీల పైమాటే. ఆ వేడికి ఆక్సిజన్ అణువులు తమ ఎనిమిది ఎలక్ట్రాన్లలో ఆరో, ఏడో, ఒక్కోసారి మొత్తం ఎనిమిదో పోగొట్టుకుంటాయి. అలా ఖాళీ అయిపోయిన ఆక్సిజన్ సౌర పవనంలో పడి తోకచుక్క దాకా వస్తుంది. తోకచుక్క చుట్టూ లక్షల కిలోమీటర్ల మేర నీటి ఆవిరి, ఇతర వాయువులు పరుచుకుని ఉంటాయి. మంచు ముద్ద సైజు కొన్ని కిలోమీటర్లే అయినా దాని చుట్టూ ఉన్న ఈ మబ్బు చాలా పెద్దది.

ఇక్కడ మన బస్టాండ్‌ని గుర్తు తెచ్చుకోండి. ఖాళీ సీట్లతో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. స్టాండ్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకడు పరిగెత్తి నిచ్చెన పట్టుకుని టాప్ ఎక్కేశాడు. తర్వాత నెమ్మదిగా దిగి లోపల సీట్లో సెటిల్ అయ్యాడు. ఖాళీ బస్సు ఆక్సిజన్ అయాన్, జనం నీటి అణువులు, టాప్ ఎక్కినవాడు నీటి నుంచి లాగేసిన ఎలక్ట్రాన్. ఎలక్ట్రాన్ ముందు పై మెట్టులో పడుతుంది, తర్వాత కింది మెట్టుకి దిగుతుంది. దిగేటప్పుడు వదిలేసే శక్తే ఎక్స్-రే. కాబట్టి తోకచుక్క వేడెక్కాల్సిన పనే లేదు. వేడంతా సూర్యుడి దగ్గరే అయిపోయింది. అయాన్ ఆ వేడి గుర్తుని ఖాళీ సీట్ల రూపంలో మోసుకొచ్చింది, మంచు ముద్ద దగ్గర అది బయటపడింది.

2000 జులైలో నాసా వారి చంద్ర టెలిస్కోప్ లీనియర్ అనే తోకచుక్కని చూసినప్పుడు ఆక్సిజన్, నైట్రోజన్ అయాన్ల గుర్తులు విడివిడిగా దొరికాయి. చంద్ర అంటే మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే. ఏడు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్ ఒక ఎలక్ట్రాన్ పట్టుకుంటే సుమారు 560 నుంచి 570 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వెలుగుతుంది. ఎనిమిదీ పోయినది పట్టుకుంటే 653 దగ్గర. ఈ రెండిటిలో ఏది ఎంత ఉందో చూస్తే ఆ గాలి సూర్యుడి మీద ఎంత వేడి చోటు నుంచి బయలుదేరిందో తెలుస్తుంది. కరోనాలో చల్లని రంధ్రాల నుంచి వచ్చే వేగమైన గాలిలో బాగా ఖాళీ అయిన ఆక్సిజన్ తక్కువ. నెమ్మదైన గాలిలో ఎక్కువ. డెన్నిస్ బోడెవిట్స్, ఆయన సహచరులు 2007లో చంద్ర చూసిన 8 తోకచుక్కలని ఇలాగే పోల్చి, ఏది ఎలాంటి గాలిలో ఉందో విడదీశారు.

దీని విలువ ఎక్కడుందంటే, గాలిని కొలిచే మన ఉపగ్రహాలు ఎక్కువ భాగం భూమి దగ్గరే, గ్రహాలు తిరిగే తలంలోనే ఉంటాయి. సూర్యుడి ధ్రువాల మీదుగా వెళ్లి గాలిని కొలిచింది యులిసిస్ లాంటి ఒకటీ అరా మాత్రమే. తోకచుక్కలకి ఈ రూలు లేదు. పై నుంచి, కింద నుంచి, ఎటు నుంచైనా వస్తాయి. మనం ఖర్చు పెట్టకుండా, రాకెట్ లేకుండా, సూర్యుడి గాలిలోకి వచ్చి పడే సెన్సార్లు అవి. సర్వర్ కాస్ట్ జీరో.

నిజాయితీగా ఒక మాట కూడా చెప్పాలి. ఇది అంత సులువు కాదు. వచ్చే ఎక్స్-రేల సంఖ్య గాలి మీదే కాదు, తోకచుక్క ఎంత వాయువు వదులుతోందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఒకటే ఈక్వేషన్, రెండు తెలియనివి. వాయువు బాగా చిక్కగా ఉంటే వచ్చిన బరువైన అయాన్లన్నీ అక్కడే ఎలక్ట్రాన్లు పట్టేస్తాయి కాబట్టి లెక్క గాలి వైపు మొగ్గుతుంది. పల్చగా ఉంటే రెండూ కలిసిపోతాయి. పైగా సెన్సార్ మనం అడిగిన చోటికి, అడిగిన టైముకి రాదు. అయినా వచ్చినప్పుడు చూడకుండా వదిలేయడం కన్నా చూడటమే మేలు కదా.

గంట ప్రయాణం దూరంలో

ఇదంతా జర్మనీ, అమెరికా కథ, మనకేం సంబంధం అనుకునేవాళ్ల కోసం ఈ పేరా. సత్తెనపల్లి నుంచి గుంటూరుకి గంట ప్రయాణం. 2022లో జిల్లాలు విడిపోయేదాకా మనది కూడా గుంటూరు జిల్లానే. ఆ గుంటూరుకి 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని వచ్చాడు. సూర్యుడి అంచు మీద లేచే ఎర్రటి జ్వాలల వెలుగుని గీతలుగా విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకి తట్టింది. మర్నాడు గుంటూరులోనే చూసి చూపించాడు కూడా. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూసిన నార్మన్ పోగ్సన్, తనకి కనిపించిన పసుపు గీత సోడియం గీత ఉండాల్సిన చోట సరిగ్గా లేదని గమనించాడు. ఆయన రిపోర్టు పెద్దగా ఎవరి కంటా పడలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో లాకయర్ ఆ గీతని గ్రహణం లేకుండానే చూశాడు. చివరికి దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, అంటే 27 ఏళ్ల తర్వాత.

ఆ హీలియమే సౌర పవనంలో ప్రోటాన్ల తర్వాత రెండో స్థానంలో ఉన్న అయాన్. 2023 సెప్టెంబర్ 2న మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో సౌర పవనంలోని ప్రోటాన్లనీ, ఈ హీలియం కణాలనీ కొలిచే పరికరం ఉంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ దాన్ని తయారుచేసింది. ఆదిత్య 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటికి చేరింది. అదే ఏడాది అక్టోబర్‌లో సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క మబ్బు లేని సాయంత్రాల్లో పడమర దిక్కున కనిపించిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇన్‌స్టాలో స్టోరీలు పెట్టుకున్నాం. దాన్ని మనం పొలం గట్ల మీద నుంచి చూసేనాటికి, శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం ఎల్1 దగ్గర చేరి తొమ్మిది నెలలైంది. 2025 జనవరిలో ఇస్రో ఆదిత్య డేటాని అందరికీ తెరిచింది. రిజిస్టర్ అయితే చాలు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మనలో ఎంతమంది చేశాం?

ఐదేళ్లు నిద్రపోయిన డేటా

ఇప్పుడు నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగానికి వస్తా. సీఎస్ఈ వాళ్లు ఇది మాత్రం స్కిప్ చేయకండి.

హయకుటాకేలో ఎక్స్-రేలు దొరికాక డెనర్ల్ బృందానికి ఒక సందేహం వచ్చింది. రోసాట్ 1990, 91లోనే ఆకాశం మొత్తాన్ని స్కాన్ చేసింది కదా, అప్పుడు కూడా తోకచుక్కలు అడ్డొచ్చి ఉంటాయి కదా? పాత డేటా తీసి వెతికారు. నాలుగు తోకచుక్కలు దొరికాయి. ఐదారేళ్లుగా డిస్కులో పడున్నాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదో మనకి బాగా అర్థమవుతుంది. ఎక్స్-రే టెలిస్కోప్ ఇచ్చేది ఫోటో కాదు, ఒక పెద్ద టేబుల్. ఒక్కో వరుసలో ఒక్కో ఫోటాన్. అది వచ్చిన టైము, ఆకాశంలో చోటు, శక్తి, ఇంతే. నక్షత్రాలు కదలవు కాబట్టి వాటి ఫోటాన్లు ఒకే చోట పేరుకుని చుక్కలా కనిపిస్తాయి. తోకచుక్క కదులుతుంది. దాని ఫోటాన్లు ఆకాశమంతా చెల్లాచెదురై బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి. చేయాల్సింది ఏంటంటే, ప్రతి ఫోటాన్ వచ్చిన క్షణానికి తోకచుక్క ఎక్కడుందో చూసి, దాని స్థానాన్ని ఫోటాన్ స్థానంలోంచి తీసేయాలి. అప్పుడు నక్షత్రాలు గీతల్లా సాగిపోతాయి, తోకచుక్క నిలబడి కనిపిస్తుంది. టైము మీద ఒక జాయిన్, రెండు తీసివేతలు. మనం సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో చేసేదానికన్నా పెద్ద కష్టమేం కాదు. తోకచుక్కల స్థానాలు నాసా హొరైజన్స్ సిస్టమ్ ఉచితంగా ఇస్తుంది. రోసాట్, చంద్ర పాత డేటా నాసా ఆర్కైవ్‌లలో ఉచితం. ఈ ఫైళ్లు తెరవడానికి ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీ ఉంది, అదీ ఉచితం.

ఇంకో ముచ్చట. అదే రోసాట్ స్కాన్‌లో గంటలు, రోజుల తరబడి బ్యాక్‌గ్రౌండ్ పెరిగి తగ్గుతూ ఉండేది. కారణం తెలియక దాన్ని నాయిస్ కింద తీసేసేవాళ్లు. తోకచుక్కల సంగతి తేలాక అర్థమైంది, ఆ నాయిస్‌లో చాలా భాగం ఇదే బస్సు ఎక్కే పని అని. భూమి చుట్టూ పల్చగా ఉన్న హైడ్రోజన్‌తోనూ, సౌర కుటుంబంలో పారుతున్న వాయువుతోనూ సౌర పవనం అదే ఎలక్ట్రాన్ మార్పిడి చేస్తోంది. ఇప్పుడు యూరప్, చైనా కలిసి స్మైల్ అనే మిషన్ తయారుచేసింది ఈ వెలుగుతోనే భూమి అయస్కాంత కవచాన్ని చూడటానికి. నిన్నటి నాయిస్ ఇవాళ సిగ్నల్. డేటా క్లీనింగ్ అని మనం కళ్లు మూసుకుని డ్రాప్ చేసే వరుసల గురించి ఒకసారి ఆలోచించండి.

"ఇది మన డొమైన్ కాదు"

మినీ ప్రాజెక్ట్ టైటిల్స్ ఇచ్చే సీజన్ మనందరికీ తెలుసు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, ఫేక్ న్యూస్ డిటెక్షన్, ఇళ్ల ధరలు, గుండెజబ్బు ప్రిడిక్షన్. ప్రతి బ్యాచ్‌లో అవే. కోడ్ సీనియర్ల పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, రిపోర్ట్ కూడా. నేను, నా ఇద్దరు ఫ్రెండ్స్ పాత ఎక్స్-రే డేటాలో తోకచుక్కని వెతికే టైటిల్ ఇస్తే రివ్యూలో వచ్చిన జవాబు ఒక్క లైను: ఇది మన డొమైన్ కాదు, ఇంటర్వ్యూలో ఎవరు అడుగుతారు, మార్చండి. తిట్టలేదు, కోప్పడలేదు. నిజంగానే మా మంచికోరి చెప్పిన మాట అది. అందుకే దాని గురించి కోపంగా కాకుండా సీరియస్‌గా మాట్లాడదామని ఇది రాస్తున్నా.

ఎందుకంటే ఆ మాటలో నిజం ఉంది. మాది మిర్చి వేసే ఇల్లు. ధర ఉన్న ఏడు ఇంట్లో మాటలు ఒకలా ఉంటాయి, పడిన ఏడు ఇంకోలా ఉంటాయి. నాలుగేళ్లలో ఉద్యోగం రావాలి. ఇది మా నాన్న నా మీద పెట్టిన ఒత్తిడి కాదు, మా ఇంటి లెక్క. మీలో చాలామంది ఇంటి లెక్క కూడా ఇదే. కడుపు నిండినవాడు నక్షత్రాలు లెక్కపెడతాడు అని ఎవరైనా అంటే నాకు వెంటనే ఎదురు చెప్పాలనిపించదు.

కానీ రెండు విషయాలు చూడండి. మొదటిది, ఉద్యోగం లెక్కే వేసుకుందాం. వంద మంది చేసిన అటెండెన్స్ ప్రాజెక్ట్ గురించి ఇంటర్వ్యూలో ఐదు నిమిషాలు మాట్లాడటానికి ఏముంటుంది? నిజమైన డేటాలో మిస్సింగ్ వాల్యూస్ ఉంటాయి, పరికరం తప్పులుంటాయి, నాయిస్ ఉంటుంది, టైమ్ ఫార్మాట్‌ల గోల ఉంటుంది. అది విప్పినవాడికి చెప్పడానికి కథ ఉంటుంది. రెడీమేడ్ డేటాసెట్ మీద 98 శాతం యాక్యురసీ తెచ్చినవాడికి ఉండదు.

రెండోది, సూర్యుడి గాలి మన ఇంటి లెక్కలోకి ఎప్పుడో వచ్చేసింది. 1989 మార్చిలో సౌర తుపాను వల్ల కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షల మందికి సుమారు తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ ఒకేసారి పంపిన 49 ఉపగ్రహాల్లో దాదాపు 40 సౌర తుపాను వల్ల పనికిరాకుండా పోయాయి. 2024 మేలో వచ్చిన పెద్ద తుపానుకి అమెరికాలో రైతుల ట్రాక్టర్లలో జీపీఎస్ దెబ్బతిని, విత్తనాలు వేసే సీజన్ మధ్యలో చాలామంది పని ఆపాల్సి వచ్చింది. మన దగ్గర ఇప్పుడు చేలల్లో డ్రోన్‌తో మందు కొడుతున్నారు. ఆ డ్రోన్ కూడా జీపీఎస్ మీదే నడుస్తుంది. కాబట్టి "సూర్యుడి గాలితో మిర్చి రైతుకేం పని" అన్న ప్రశ్నకి ఇదివరకటి జవాబు ఇప్పుడు సరిపోదు.

అయితే నేను ఉపయోగం మీదే వాదన మొత్తం నిలబెట్టను. 1996లో రోసాట్‌ని తోకచుక్క వైపు తిప్పినవాళ్లు ట్రాక్టర్ల కోసం తిప్పలేదు. రావనుకున్న చోట చూశారు. చూడటానికి అనుమతి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. టెలిస్కోప్ కన్నా మనకి ఎక్కువ కరువైంది ఆ రెండోరకం మనుషులే అని నా అభిప్రాయం.

అందుకే నేను అడిగేది చిన్నది. మినీ ప్రాజెక్టుల జాబితాలో "పబ్లిక్ సైన్స్ డేటా" అని ఒక్క కేటగిరీ పెట్టండి. ఆదిత్య కావచ్చు, వాతావరణ డేటా కావచ్చు, నాగార్జునసాగర్ నీటిమట్టం కావచ్చు. కొత్త ఆవిష్కరణ రావాలని కండిషన్ వద్దు. ఎవరో ముందే కనుక్కున్నదాన్ని మళ్లీ సొంతంగా తెచ్చి చూపించినా మార్కులు ఇవ్వండి. 1990 నాటి తోకచుక్కని 2026లో సత్తెనపల్లి కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో బయటికి తీస్తే ప్రపంచానికి కొత్త కాదు, వాడికి మాత్రం కొత్తే.

ఎముక విరిగిందా?

ఇది తెలుగు క్లబ్ పత్రిక కదా, తెలుగులో ఎందుకు రాశానో కూడా చెప్పాలి.

మా నానమ్మకి ఈ సంగతి చెప్పబోతే, "ఏందిరా నాయనా, తోకచుక్కకి ఎక్స్-రే తీశారా? దానికేం ఎముక ఇరిగింది?" అంది. ఇంట్లో అందరం నవ్వాం. కానీ తర్వాత ఆవిడే అడిగింది, "అయితే అది పొడిస్తే చెడు జరుగుద్దని మా పెద్దోళ్లు అనేవోళ్లు, అదంతా ఉత్తదేనా?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇంగ్లీషులో జవాబు ఉంది. తెలుగులో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చార్జ్ ఎక్స్ఛేంజ్‌ని బస్సు ఎక్కించింది అప్పుడే. బస్సు ఎక్కించాక నాకు కూడా అది ఇంకా బాగా అర్థమైంది, అదీ విశేషం.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం భయపడుతుంటే గురజాడ 'ముత్యాల సరములు'లో దాన్ని అరిష్టంగా కాకుండా ఆదరంగా చూశారు. తెలుగు కవి నూట పదిహేనేళ్ల కిందటే తోకచుక్కతో స్నేహం కలిపాడు. 1868 గ్రహణాన్ని వనపర్తిలో చూసిన మద్రాసు అబ్జర్వేటరీ ఉద్యోగి చింతామణి రఘునాథాచారి, 1874లో శుక్రుడు సూర్యుడికి అడ్డుగా వెళ్లే సంఘటన గురించి జనానికి అర్థమయ్యేలా భారతీయ భాషల్లో పుస్తకం తెచ్చారు. ఇక మన సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారు. అధికార భాషా సంఘం అధ్యక్షుడిగా పనిచేసి, ఆఫీసుల్లో తెలుగు ఉండాలని జీవితాంతం పోరాడారు. ఆఫీసులో తెలుగు ఉండాలంటే ముందు మన ఆలోచనలో ఉండాలి. ల్యాబ్ రికార్డులో ఉండాలి. నా తెలుగులో ఇంగ్లీషు మాటలు బోలెడు ఉన్నాయని ఎడిటర్ అన్నయ్య ఇప్పటికే అన్నాడు. ఉండనివ్వండి. ఫోటాన్‌కి తెలుగు మాట వెతుకుతూ కూర్చుని ఫోటాన్ గురించి చెప్పడం మానేస్తే నష్టపోయేది తెలుగే.

తోకచుక్కలు వస్తూనే ఉంటాయి. 2025లో మన సౌర కుటుంబానికి బయటి నుంచి వచ్చిన 3ఐ/అట్లాస్‌ని కూడా ఆ డిసెంబర్‌లో యూరప్ వారి ఎక్స్ఎంఎం-న్యూటన్ టెలిస్కోప్ ఎక్స్-రేలో చూసింది. వేరే నక్షత్రం దగ్గర పుట్టిన మంచు మీద కూడా మన సూర్యుడి గాలి వెలుగు పుట్టించింది. ఆ డేటా కూడా ఇలాంటి ఆర్కైవ్‌లలోకే చేరుతుంది.

మా టైటిల్ మార్చేశాం, మార్కులకి ఇప్పుడు వేరే ప్రాజెక్ట్ చేస్తున్నాం. కానీ తోకచుక్క ఫోల్డర్ డిలీట్ చేయలేదు. రోసాట్ పాత స్కాన్‌లో డెనర్ల్ బృందానికి దొరికిన నాలుగింట్లో ఒకదాన్ని సొంతంగా తీసి చూడాలని ముగ్గురం శనివారం సాయంత్రాలు కూర్చుంటున్నాం. నాలుగో మనిషి కావాలి. ఫిజిక్స్ రాకపోయినా పర్లేదు, ఓపిక ఉంటే చాలు. నోట్స్ మాత్రం తెలుగులోనే రాస్తున్నాం. వచ్చేవాళ్లు ల్యాప్‌టాప్, చార్జర్ తెచ్చుకోండి. ల్యాబ్‌లో ప్లగ్గులు తక్కువ.